నేను లేని నా పర్సనల్ స్టేట్‌మెంట్

ఆ రోజుల్లో నా గురించి నేను రాసుకోవడం కన్నా తేలికైన పని ఈ లోకంలో ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఎందుకు నమ్మనూ? పుట్టిన దగ్గర్నించీ నాతోనే తిరుగుతున్నాను, నాతోనే తింటున్నాను, నాతోనే పడుకుంటున్నాను. ఎవర్నీ అడగక్కర్లేదు, ఏ పుస్తకమూ తిరగెయ్యక్కర్లేదు. ఇంత తెలివితక్కువ అభిప్రాయం నాకెలా కలిగిందో ఇప్పుడు తల్చుకుంటే ఆశ్చర్యమేస్తుంది. దీన్ని మించిన తెలివితక్కువ పని ఇంకోటి చేశాను. అలా రాసుకున్న కాగితాన్ని తీసుకెళ్ళి, అమెరికాలో హెర్న్‌డన్‌లో మేం వెళ్ళే తెలుగు చర్చిలో, అందరూ చూస్తుండగా ప్రార్థన బల్ల మీద పెట్టాను. మొదటి తప్పుని వయసు మీదికి నెట్టెయ్యొచ్చు. రెండోదానికి మాత్రం పూర్తి బాధ్యత నాదే (కొంచెం మా నాన్నది).

తొమ్మిదో తరగతిలో ఉండగా కోనసీమ నుంచి వర్జీనియాలో వచ్చి పడ్డాను. అమ్మ నర్సు, ఆవిడ వీసా వెనకాల నాన్న, నాన్న వెనకాల నేను. బయాలజీలో డిగ్రీ చేతికొచ్చాక ఇంటికి దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో చేరాను. చాలా బాధ్యత గల ఉద్యోగం. వచ్చినవాళ్ళని బరువు తూచే యంత్రం ఎక్కించడం, వాళ్ళు ఒప్పుకోని అంకెని రాసుకోవడం, బీపీ చూడడం, పేర్లు తప్పుగా పిలిచి చీవాట్లు తినడం. ఆ క్లినిక్‌లో ఒకావిడ ఫిజీషియన్ అసిస్టెంట్. డాక్టరు కాదు గానీ, డాక్టరు పర్యవేక్షణలో రోగుల్ని చూస్తుంది, పరీక్షలు చేయిస్తుంది, మందులు రాస్తుంది. అస్తమానం చూయింగ్ గమ్ నములుతూ ఉండేది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు గమ్ మేడమ్. కానీ రోగి నోరు తెరిచాడంటే ఆవిడ దవడ ఆగిపోయేది. అతను చెప్పడం పూర్తయ్యాకే మళ్ళీ కదిలేది. ఆ ఆగడం నాకు తెగ నచ్చింది. చదివితే ఈ చదువే చదవాలి, అయితే ఈవిడలాగే అవ్వాలి అనుకున్నాను (గమ్ లేకుండా).

ఈ సంగతి ఇంట్లో చెబితే నాన్న టీ కప్పు కిందపెట్టి, “ఫిజీషియన్ అసిస్టెంటా? అంటే కాంపౌండరా?” అన్నాడు.

“కాదు నాన్నా. అందరూ పి.ఏ. అంటారు.”

“పి.ఏ. అంటే మన దగ్గర ఎమ్మెల్యే వెనకాల సెల్‌ఫోన్లు మోసేవాడురా!”

నన్ను ఆదుకున్నది మా అమ్మమ్మ. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన ఆవిడ, సోఫాలో కూర్చుని చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తకుండా తీర్పిచ్చింది. “మన ఊళ్ళో పి.ఏ. గారి ఇల్లు ఎమ్మెల్యే గారి ఇంటికన్నా పెద్దది. చదవనీ అల్లుడూ.”

అలా ఒక అపార్థం పునాదిగా నా ఉన్నత విద్యకి శంకుస్థాపన జరిగింది. మార్కులున్నాయి, క్లినిక్ అనుభవం ఉంది, సిఫార్సు ఉత్తరాలున్నాయి. ఇక మిగిలింది పర్సనల్ స్టేట్‌మెంట్ ఒక్కటే. (స్టేట్‌మెంట్ అంటే మావాళ్ళకి తెలిసినవి రెండే: బ్యాంకు ఇచ్చేది, పోలీసులకి ఇచ్చేది. నాన్న మొదట నేనేదో కేసులో ఇరుక్కున్నాననుకున్నాడు.) ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ మాటల్లో రాయి, అదే వ్యాసం అన్ని కాలేజీలకీ వెళుతుంది అన్నారు. ఇన్ని అక్షరాలు దాటకూడదని ఒక హద్దు, అందులో ఖాళీలు కూడా లెక్కలోకే వస్తాయని ఒక హెచ్చరిక. అంటే ఏమీ రాయకుండా వదిలేసిన చోటు కూడా రాసినట్టే లెక్క. ఆ వాక్యంలో నా భవిష్యత్తు దాగి ఉందని అప్పటికి తెలీదు.

నిజం చెప్పొద్దూ, రాయడానికి నా దగ్గర ఒక మంచి సంగతే ఉంది. అమ్మమ్మ కాలు. ఆవిడ దిగిన వారానికే నాన్న మురిసిపోతూ తెల్లటి బూట్లు కొనిపెట్టాడు. చీర మీద ఆ బూట్లేసుకుని ఆవిడ వీధిలో నడుస్తుంటే కార్లు ఆగి మరీ దారిచ్చేవి. ఒక ఆదివారం చర్చిలో అందరం పాటకి లేచి నిలబడ్డాం. అమ్మమ్మ మాత్రం కూర్చునే ఉంది. పాటప్పుడు కూర్చున్న పిల్లల్ని తొడపాశం పెట్టి లేపే మనిషి, ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పంతులమ్మగా పిల్లల్ని నిలబెట్టిన మనిషి, తను కూర్చుంది. ఇంటికొచ్చాక కాలు చూపించమంటే చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని, “ఏం లేదురా, బూటు కరిచింది. నొప్పి కూడా లేదు” అంది. బలవంతంగా చూశాను. మడమ మీద రూపాయి బిళ్ళంత పుండు. మర్నాడు గమ్ మేడమ్‌తో, “షుగరుంది గానీ నొప్పేమీ లేదంట” అని సంతోషంగా చెప్పాను. దవడ ఆగిపోయింది. “నొప్పి ఉందంటే కంగారుపడను. లేదంటేనే భయం, షుగరు నరాల్ని మొద్దుబార్చిందన్నమాట. ఇవాళే తీసుకురా” అంది. మందులతో, రోజూ నేను కట్టే కట్టుతో ఆ పుండు మానేసరికి ఆకురాలే కాలం వచ్చేసింది. అప్పటిదాకా అమ్మకి చెప్పనివ్వలేదు అమ్మమ్మ. “అది నర్సురా. చెప్తే తీసుకెళ్ళి హాస్పిటల్లో పడేస్తుంది” అని ఆవిడ భయం. బాగాలేనివాళ్ళు బాగున్నామంటుంటే వినడం కూడా ఒక విద్యేనని నాకు తెలిసింది అప్పుడే. అదే రాశాను.

రాసింది భోజనాల బల్ల దగ్గర పైకి చదువుకుంటుంటే అమ్మమ్మ చెవిన పడింది.

“ఇందాకట్నించీ గ్రాండ్‌మదర్, గ్రాండ్‌మదర్ అంటున్నావు. ఎవర్రా ఆవిడ?”

“నువ్వే అమ్మమ్మా.”

“తెలుగులో చెప్పు.”

చెప్పాను. కాలు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. మాస్టార్లు కళ్ళజోడు తీశారంటే అర్థమేమిటో బళ్ళో చదివిన వాళ్ళందరికీ తెలుసు. “నా పుండు సంగతి అమెరికాలో కాలేజీలన్నీ చదవాలిట్రా? రేపు నేను ఏ ఎయిర్‌పోర్టులోనో కూర్చుంటే ఎవడో సూటేసుకున్నవాడు వచ్చి, ‘కాలెలా ఉంది మామ్మగారూ’ అనడుగుతాడు. తీసెయ్!”

తీసేశాను. తీసేశాక మిగిలిందేమిటంటే, క్లినిక్‌లో బీపీలు చూశాననీ, సైన్సంటే ఇష్టమనీ, మనుషులకి సాయం చెయ్యాలని ఉందనీ. ఆ మాట ఊరెళ్ళే బస్సు కండక్టరు కూడా రాయొచ్చు. కానీ గడువు దగ్గరపడుతోంది. నాన్న, “దాన్ని ప్రింటు తీయరా, ఆదివారం ప్రార్థనలో పెడదాం” అన్నాడు.

ఇక్కడ మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. అమెరికన్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం పూట అదే హాలు మేం అద్దెకి తీసుకునేవాళ్ళం. పాస్టరు అయ్యగారు ప్రసంగం చేసే పుల్పిట్ ముందు ఒక చిన్న బల్ల. ఎవరు దేనికి దరఖాస్తు పెట్టినా, వీసాకైనా, ఉద్యోగానికైనా, ఇంటి లోనుకైనా, ఆ కాగితం మొదట ఆ బల్ల మీదికి రావాల్సిందే. పెద్దలు చుట్టూ నిలబడి దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అసలు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పంపేదైనా సరే, ప్రార్థన కోసం ప్రింటు తీయాలి. (ఇంకు ఖరీదు విషయంలో మా సంఘం ఎన్నడూ విశ్వాసం కోల్పోలేదు.) ఆ చేతుల బరువు మీద నాకు నమ్మకం ఉంది, ఇప్పటికీ ఉంది. ఇబ్బందంతా ఒక్క జత చేతులతోనే. అవి ఎర్రపెన్ను అంకుల్‌వి.

ఎర్రపెన్ను అంకుల్ ఒకప్పుడు గోదావరి జిల్లాలో జూనియర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు. ఇక్కడికొచ్చాక సాఫ్ట్‌వేర్ టెస్టింగులో కుదిరారు. తప్పులు వెతికినందుకు జీతమిచ్చే దేశం దొరకడంతో ఆయన సంతోషానికి హద్దు లేకుండా పోయింది. టెస్టింగ్ ఆయన వృత్తి, మమ్మల్ని టెస్ట్ చేయడం ఆయన ప్రవృత్తి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్రపెన్ను. చర్చి బులెటిన్, పెళ్ళి శుభలేఖ, బిర్యానీ హోటలు మెనూ, ఏది ఆయన చేతికెళ్ళినా ఎర్రబారి తిరిగొచ్చేది. ఆ ఆదివారం అయ్యగారు కళ్ళు మూసుకుని నా కోసం గట్టిగా ప్రార్థిస్తున్నారు. పెద్దలందరూ కళ్ళు మూసుకున్నారు. అంకుల్ చెయ్యి కూడా నా కాగితం మీదే ఉంది. అయితే ఆ చెయ్యి మెల్లమెల్లగా కిందికి జరుగుతోంది, పైనున్న పేరా కనపడేలా. ఆయన ఒక కన్ను తెరిచి చదువుతున్నారు. (నేనెలా చూశానంటారా? నావి రెండూ తెరిచే ఉన్నాయి.) ప్రార్థన ముగిసింది. అందరం ఆమెన్ అన్నాం. అంకుల్ కూడా అన్నారు. “ఆమెన్. బాబూ, రెండో లైన్లో కామా లేదు.”

ఆ తర్వాత కింద హాల్లో, చికెన్ కూర గిన్నెలకీ పేపరు ప్లేట్లకీ మధ్య చోటు చేసుకుని, అంకుల్ నా వ్యాసాన్ని పరిచి కూర్చున్నారు.

“‘ఐ’తో మొదలెట్టావేంటి బాబూ?”

“పర్సనల్ స్టేట్‌మెంట్ కదంకుల్. నా గురించే రాయమన్నారు.”

“అయితే మాత్రం? చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేటప్పుడు నేను, నేను అంటామా? మొదట దేవునికి వందనాలు. తర్వాత తల్లిదండ్రులకి. తర్వాత గురువులకి, పెద్దలకి.”

“ఆ తర్వాత నేనా అంకుల్?”

“ఆ తర్వాత టైమ్ అయిపోతుంది” అన్నారు అంకుల్, ఎర్రపెన్ను మూత తీస్తూ.

ఆయన నవ్వులాటకి అనలేదు. మేమంతా పెరిగిందే అలా. మా వాళ్ళలో బాగా చదివినవాడు “చదివాను” అనడు, “ఏదో దేవుని దయ” అంటాడు. బాగా పాడినవాడు గొంతు బాగాలేదంటాడు. తన గురించి తను చెప్పుకోవడం, భోజనానికి పిలవని ఇంట్లో విస్తరి వేసుకుని కూర్చోవడం లాంటిది. అందుకని అంకుల్ ‘ఐ’ కనపడ్డ చోటల్లా కొట్టేస్తూ పోయారు. ‘నేను రోగిని కుర్చీలో కూర్చోబెట్టాను’ అన్న వాక్యం ‘రోగి కుర్చీలో కూర్చోబెట్టబడెను’ అయింది. అమ్మమ్మ ఖాళీ చేసిన చోటులోకి అయ్యగారు వచ్చారు, ఆదివారపు బడి వచ్చింది, నాన్న త్యాగం వచ్చింది, అమ్మ ఉద్యోగం వచ్చింది, తనకి అభ్యంతరం లేదంటూ అంకుల్ కూడా వచ్చారు. (‘వలస వచ్చిన విద్యార్థికి ఆంగ్లము నేర్పిన ఒక పెద్దమనిషి’ అని. పేరు వద్దన్నారు, వినయంగా.) చివర్లో, ‘తాము దయతో తగు చర్య గైకొనగలరని ప్రార్థించుచున్నాను’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. ఆ ఒక్క చోటే ‘ఐ’ ఉంది. అడుక్కునేటప్పుడు ఉండొచ్చట.

ఇది బాగాలేదని నాకు తెలుసు. తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటే, వచ్చిన కొత్తలో నోరు తెరవలేని నాకు శనివారాలన్నీ ధారపోసి ఇంగ్లీషు నేర్పింది ఆయనే. తన కారు మీద నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. ఆ కారుని నేను మెయిల్‌బాక్సుకి గుద్దితే, “నేనే గుద్దానండీ, ఎండ కళ్ళలో పడింది” అని నాన్నతో అబద్ధం చెప్పిందీ ఆయనే. (ఆ రోజు వాన పడుతోంది.) అలాంటి మనిషి రాసింది ఎలా కొట్టేస్తాను? నాన్న కూడా అదే అన్నాడు. “పెద్దాయన అంత టైమ్ పెట్టి దిద్దారు. పంపకపోతే బాగోదురా.” బాగోకపోవడం అనేదానికి భయపడి మనం చేసే పనులు లెక్కపెడితే మన జీవితంలో సగం అవే ఉంటాయి. పంపించాను.

ఆ శీతాకాలమంతా ఒక్కో కాలేజీ నుంచీ ఒక్కో జవాబు వచ్చింది. అందరూ ఎంతో మర్యాదగా వద్దన్నారు. చివరిది వచ్చిన రోజు నాన్న, “దేవుని సమయం ఇంకా రాలేదురా” అన్నాడు గానీ, ఆ మాట అని చాలాసేపు గరాజ్‌లో ఏ పనీ లేకుండా తిరిగాడు. చుట్టాల పిల్లలు ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుతున్నారు. నాకింకో ఏడాది, ఇంకొక్కసారి. అదీ కాకపోతే నేనూ ఏదో కోర్సు చేసి కంప్యూటర్ ముందు కూర్చోవాలని ఇంట్లో ఒప్పందం కుదిరిపోయింది.

క్లినిక్‌లో నా మొహం చూసి గమ్ మేడమ్ ఆ వ్యాసం అడిగి తీసుకుంది. భోజనాల వేళ చదివింది. మొదటి పేరాలోనే దవడ ఆగింది. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు.

“అందరూ చాలా మంచివాళ్ళు,” అంది పూర్తిచేసి. “మీ పాస్టర్ గారు బాగున్నారు. మీ నాన్నగారు బాగున్నారు. ఇంగ్లీషు నేర్పిన పెద్దాయన ఎవరోగానీ ఆయన్ని నేను కాలేజీలో చేర్చుకుంటాను. ఇంతకీ సీటు ఎవరికి కావాలి?”

“నాకే.”

“నువ్వెక్కడున్నావు ఇందులో? రోగి కూర్చోబెట్టబడ్డాడట. ఎవరు కూర్చోబెట్టారు? గాలా?” కాగితం తిరిగిచ్చేస్తూ అంది, “మీ అమ్మమ్మగారి కాలు ఏమైంది? దాన్ని ఎందుకు రాయలేదు?”

వ్యక్తిగత వ్యాసమని పేరు గానీ, అందులో వ్యక్తి ఎప్పుడో గతించాడని, వ్యాసం మాత్రమే మిగిలిందని నాకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వుని పైకి రానిచ్చాను.

అప్పటికి అమ్మమ్మ కోనసీమకి వెళ్ళిపోయింది. కాలింగ్ కార్డు గీకి, వెనక నంబరంతా నొక్కి, “అమ్మమ్మా, నీ కాలు రాసుకుంటానే” అని బతిమాలాను. 

“కాలు అని ఎందుకురా, చెయ్యి అని రాయకూడదూ? కాస్త గౌరవంగా ఉంటుంది.”

“బూటు చేతిని ఎలా కరుస్తుందే?”

“అదీ నిజమే.” “పోనీ మడమ అని రాయి. పుండు అనకు, దెబ్బ అను. రాశాక ఆ ఎర్రపెన్ను ఆయనకి చూపించావా, ఊరుకోను. ఆయన పోయినసారి నా ప్రార్థన విన్నపం చీటీ కూడా దిద్దాడు. పెద్దల్ని చేతులు పెట్టమను. పెన్నులు వద్దను.”

ఈసారి వ్యాసం ‘నేను మా అమ్మమ్మ మాట నమ్మలేదు’ అని మొదలైంది. నొప్పి లేదన్న మనిషి దగ్గర కూర్చోవడం, ఏమీ లేదన్నవాళ్ళని మళ్ళీ అడగడం, అడిగి నోరు మూసుకుని వినడం, అదే నేను నేర్చుకోవాలనుకుంటున్నానని రాశాను. రాసింది రాసినట్టే పంపేశాను. ఇంక ప్రార్థన మిగిలింది. ప్రార్థన మానేంత ధైర్యం నాకు లేదు, మానాలనీ లేదు. అందుకని ప్రింటు తీసి, కవరులో పెట్టి, నాలుగు వైపులా టేపేసి అతికించి, తీసుకెళ్ళి ఆదివారం బల్ల మీద పెట్టాను. జీవితంలో నేను పెద్దలకి ఎదురుతిరగడమంటే అదే, ఒక టేపు ముక్కతో.

అంకుల్ కవరుని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. “అతికించేశావేంటి బాబూ?”

“పంపేశానంకుల్. దేవుడికి కవరు అడ్డం కాదు కదా.”

నాన్న దగ్గాడు. అయ్యగారు పైకప్పు కేసి చూశారు. అంకుల్ చెయ్యి జేబు దాకా వెళ్ళి, పెన్నుని ఒకసారి తాకి, ఖాళీగా తిరిగొచ్చి కవరు మీద వాలింది. ఆయన మొహం చిన్నబోయింది. మెయిల్‌బాక్సు, వాన, శనివారాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఆ కవరు అక్కడే చింపేద్దామా అనిపించింది. ఈలోపు ప్రార్థన మొదలైంది. అంకుల్ ఈసారి రెండు కళ్ళూ మూసుకున్నారు. చదవడానికి ఏమీ లేదు కాబట్టే కావచ్చు. కానీ అందరికన్నా ఆఖర్న, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.

ఒక కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. బల్లకి అవతల కూర్చున్న సూటాయన నా కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగిన మొదటి ప్రశ్న, “మీ అమ్మమ్మగారి కాలు ఎలా ఉంది?” అమ్మమ్మ చెప్పినట్టే జరిగింది, ఎయిర్‌పోర్టు ఒక్కటే తేడా. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే ఆవిడ జోస్యం సంగతి చెప్పాను. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూ అంతా ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నట్టే సాగింది.

సీటొచ్చింది. వచ్చిన ఆదివారం చర్చిలో అంకుల్ తనంతట తానే లేచి సాక్ష్యం చెప్పారు. మొదట దేవునికి, తర్వాత పెద్దలకి వందనాలు చెప్పి, “మన బాబు వ్యాసము సకాలంలో, తగిన చోట, తగిన విధంగా దిద్దబడినందువల్ల ఈ విజయం చేకూరింది” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాన్న నా తొడ మీద చెయ్యి వేసి నొక్కిపట్టాడు, లేస్తానేమోనని. లేవలేదు. అందులో ఏది ఎంత దిద్దబడిందో దేవుడికి తెలుసు, కవరులోంచి చదివాడు కాబట్టి. కానీ మనసులో ఒక మూల రాసిపెట్టుకున్నాను: అంకుల్, మీకు నేనొకటి బాకీ.

ఆ బాకీ తీర్చుకునే రోజు చాలా ఏళ్ళకి వచ్చింది. అప్పటికి నేను పి.ఏ.నై, అదే ఊళ్ళో ఇంకో క్లినిక్‌లో రోగుల్ని చూస్తున్నాను. (ఎమ్మెల్యే ఇంటికన్నా పెద్ద ఇల్లు ఇంకా కట్టలేదు. అమ్మమ్మ ఫోన్లో ఆ సంగతి అడుగుతూనే ఉంటుంది.) ఒకరోజు గది తలుపు తీసేసరికి, రోగులకిచ్చే, వెనక ముడేసే నీలం గౌను వేసుకుని, కాళ్ళు కిందికి వేలాడేసుకుని పరీక్ష బల్ల మీద కూర్చున్నారు ఎర్రపెన్ను అంకుల్. పక్కన ఆంటీ. కుర్చీలో మడత పెట్టిన చొక్కా, ఆ చొక్కా జేబులో ఎర్రపెన్ను.

“ఏమైందంకుల్?”

“ఏం లేదు బాబూ. ఆంటీ ఊరికే కంగారు.”

“ఏం లేదంట!” అంది ఆంటీ. “మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నారు నాన్నా. ఏంటండీ అంటే, కిటికీలోంచి చూస్తున్నానంటారు. మా మెట్ల దగ్గర కిటికీ ఎక్కడుంది?”

నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన గొంతు సవరించుకున్నారు. “మెట్లు ఎక్కు సమయంలో ఛాతీ యందు కొంత బరువు ఉన్నట్టుగా గమనించబడింది.”

“ఎవరు గమనించారంకుల్?”

“అంటే... సాధారణంగా ఈ వయసులో ఇలాంటివి...”

కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. “అంకుల్, మీరు ‘నేను’ అని మొదలుపెట్టేదాకా నేనొక్క అక్షరం కూడా టైపు చెయ్యను.”

“అదేంటి బాబూ, పెద్దవాణ్ణి పట్టుకుని...”

“దేవునికి వందనాలు అయిపోయాయి. పెద్దలకీ అయిపోయాయి. ఇంకా టైమ్ ఉంది, చెప్పండి.”

ఆయన నా వంక చూశారు. ఆ చూపులో ముందు కోపం, తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఒక చిన్న నవ్వు కదిలాయి. ఆ తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ, మొదటిసారి ఇంగ్లీషు పలకడం నేర్చుకునే కుర్రాడిలా మొదలెట్టారు.

“నేను... నేను మెట్లెక్కలేకపోతున్నాను బాబూ. రెండు నెలలైంది. నాకు భయమేసి ఎవరికీ చెప్పలేదు.”

ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుంది. నేను ఆ వాక్యాల్ని ఉన్నవున్నట్టు టైపు చేశాను. నేను చదివినవాటిల్లో అంత మంచి పర్సనల్ స్టేట్‌మెంట్ ఇంకోటి లేదు. ఇ.సి.జి. తీయించి, మా డాక్టరుతో మాట్లాడి, అదే మధ్యాహ్నం గుండె డాక్టరు చూసేలా ఏర్పాటు చేశాను. (ఒక స్టెంటు వేశారు. ఇప్పుడు మెట్లన్నీ ఆగకుండా ఎక్కుతున్నారు. కిటికీ ఉన్న చోట కూడా ఆగడం లేదని ఆంటీ ఫిర్యాదు.)

ఎక్కడికి వెళ్ళాలో, ఏం తినకూడదో, బరువు మళ్ళీ అనిపిస్తే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. అంకుల్ కళ్ళజోడు పెట్టుకున్నారు. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకున్నారు. ఆ మొహంలోకి పాత వెలుగు తిరిగొచ్చింది.

“బాబూ, రెండో లైన్లో కామా లేదు.”

అలవాటుగా కుడిచెయ్యి గుండె దగ్గరికి వెళ్ళింది. అటు తడిమింది, ఇటు తడిమింది. గౌనుకి జేబుండదు.

“పెన్నుందా బాబూ?”

ఆయన చొక్కా నా మోచేతి పక్కనే, కుర్చీలో ఉంది. ఎర్రటి మూత నాకు చక్కగా కనపడుతోంది. ఎన్నో ఏళ్ళ కిందట కవరుకి నాలుగు వైపులా టేపేసిన కుర్రాడొకడు నా వెనకాల నిలబడి, తొంగిచూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నట్టు అనిపించింది.

“లేదంకుల్,” అన్నాను.